వస్తుందేమో, రాదేమో

రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సంచులు సీటు కిందికి తోసేలోపే మా మేనకోడలు స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకం ఒకటి బయటికి తీసింది. వీసా కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన పుస్తకం. ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు. "అత్తా, నువ్వు ఆఫీసర్‌వి. అడుగు, నేను చెప్తాను" అంది.

దాళ్వా ఆకుమళ్ల పని మీద ఉండి మా అన్నయ్య రాలేకపోయాడు. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను కాబట్టి తోడు వెళ్లాల్సింది నేనేనని ఇంట్లో అందరూ అనేశారు. పిల్ల సివిల్ ఇంజనీరింగ్ చదివింది. టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీలో నీటి వనరుల మీద ఎంఎస్‌కి సీటొచ్చింది. జనవరిలో క్లాసులు మొదలు. హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూకి డిసెంబరులో తేదీ దొరికింది.

"వాట్ ఆర్ యువర్ ప్లాన్స్ ఆఫ్టర్ గ్రాడ్యుయేషన్?" అని అడిగాను.

ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది: "ఆఫ్టర్ కంప్లీటింగ్ మై మాస్టర్స్ ఐ విల్ డెఫినెట్లీ రిటర్న్ టు మై హోమ్ కంట్రీ అండ్ ఐ విల్ జాయిన్ ఎ రెప్యూటెడ్ కంపెనీ అండ్ ఐ విల్ సర్వ్ మై నేషన్."

"ఏ కంపెనీ?" అన్నాను తెలుగులో.

పుస్తకం వైపు చూసింది. అందులో కంపెనీ పేరు లేదు.

ఇలాంటి జవాబు నాకు కొత్త కాదు. మా కాలేజీలో ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పిల్లల్ని తయారుచేసేటప్పుడు ఏటా వింటాను. ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావంటే "ఐ విల్ బి ఎ మేనేజర్". ఈ ఉద్యోగం రాకపోతే ఏం చేస్తావంటే "ఐ విల్ డెఫినెట్లీ గెట్ ఇట్ మేడమ్". ఈ పిల్లలే తెలుగులో మాట్లాడుకునేటప్పుడు రేపటి గురించి ఇంత ఖాయంగా ఒక్క మాటా అనరు. వస్తుందేమో. రాకపోవచ్చు. వచ్చేలాగే ఉంది. చూద్దాం, ఏమవుతుందో. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పెళ్లి గురించైనా పంట గురించైనా ఉద్యోగం గురించైనా మన ఇళ్లలో రోజంతా నడిచే మాటలివే. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ సందేహమంతా లోపలే ఉండిపోతుంది. పైకి ప్రతిజ్ఞ చేస్తున్నట్టు "ఐ విల్" ఒక్కటే వస్తుంది.

దీని మూలం మేం పాఠం చెప్పే తీరులోనే ఉందని నా నమ్మకం. బోర్డు మీద కాలాలకు గళ్లు గీసి, భవిష్యత్తు గడిలో విల్, షల్ రాస్తాం. నిజానికి భూతకాలానికి ఉన్నట్టు భవిష్యత్తుకంటూ ఇంగ్లీషు క్రియకు వేరే రూపమే లేదు. కోరుకోవడమనే అర్థమున్న పాత మాట విల్ అయింది. వెళ్లడమనే మాటలోంచి గోయింగ్ టు పుట్టింది. మిగతా బరువంతా మైట్, హోప్, ప్లాన్, ఎక్స్‌పెక్ట్ లాంటి మాటలు మోస్తాయి. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్లు రేపటి గురించి మాట్లాడేది వీటన్నిటితోనూ కలిపి. మన పిల్లలకు వీటన్నిటిలో మొదటిది ఒక్కటే బాగా వంటబట్టింది.

ఇంకో చిక్కు ఉంది. తెలుగులో అనుమానం క్రియ చివర అంటుకుంటుంది. వస్తుంది అనేశాక కూడా "ఏమో" తగిలించుకోవచ్చు. ఇంగ్లీషులో చాలాసార్లు నోరు తెరవగానే ముందు దాన్నే చెప్పాలి: ఐ డోంట్ థింక్, ఐ యామ్ నాట్ షూర్, ప్రాబబ్లీ. మనవాళ్లు "ఐ విల్" అంటూ మొదలుపెట్టేస్తారు. వాక్యం చివరికొచ్చాక అనుమానానికి చోటు మిగలదు.

కొవ్వూరు దాటాక బోగీలో లైట్లు తీసేశారు. ఎదురు బెర్తుల వాళ్లు దుప్పట్లు కప్పేసుకున్నారు. మేమిద్దరం కింది బెర్తు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం.

"పుస్తకం మూసెయ్. తెలుగులో చెప్పు. చదువయ్యాక ఏం చేద్దామని?" అన్నాను.

"నిజం చెప్పనా?"

"నాకు కాకపోతే ఎవరికి చెప్తావే?"

"నాకే సరిగ్గా తెలీదత్తా. కొబ్బరితోట తాకట్టు పెట్టి లోను తీసుకున్నాం. కొన్నాళ్లు అక్కడ పనిచేస్తే తప్ప అది తీరదు. పని దొరుకుతుందో లేదో. మన ఊళ్లో నూతుల్లో నీళ్లు ఉప్పెక్కిపోతున్నాయి కదా, దానికేదైనా చేయాలనే ఈ కోర్సు తీసుకున్నాను. చివరికి ఇక్కడికే రావాలని ఉంది. ఇదంతా ఆఫీసర్‌కి చెప్తే వీసా ఇస్తాడా? చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదా?"

మా పుట్టిల్లు అమలాపురానికి దిగువన, సముద్రం వైపు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి. నా చిన్నప్పుడు తాగిన నూతి నీళ్లు ఇప్పుడు నోట్లో పోసుకోలేం. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక దిగువ ఊళ్లకు కాలువనీళ్ల కాలం వచ్చింది. కాలువ చివరి ఊళ్లలో ఆ నీళ్లు ఎంత అందుతాయన్నది మా అన్నయ్యకు ప్రతి దాళ్వాకీ ఉండే బెంగ. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల నీళ్ల గురించి చదవాలనుకోవడం కంటే నమ్మదగిన జవాబు ఏ అధికారికైనా ఏముంటుంది? దాన్ని పక్కనపెట్టి "రెప్యూటెడ్ కంపెనీ" వల్లిస్తోందని నా బాధ.

ఆమె భయమూ ఊరికే పుట్టింది కాదు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి ఆ ఏడు మనమే మొదటి స్థానంలో ఉన్నాం. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద 12 నెలలు, సైన్సు, ఇంజనీరింగ్ లాంటి కోర్సుల వాళ్లకు మరో 24 నెలలు పనిచేసుకోవచ్చు. ఆపైన ఉండాలంటే హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసా. దానికి ఏటా 85,000 పరిమితి. కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుమంటూ 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటనతో ఊళ్లలో తల్లిదండ్రులకు నిద్రపట్టడం లేదు. వీటన్నిటికీ ముందు 214(బి) అనే సెక్షన్ ఉంది. దరఖాస్తుదారు అక్కడ స్థిరపడిపోవడానికే వస్తున్నాడని ఆ చట్టం ముందే అనుకుంటుంది, కాదని ఒప్పించవలసింది మనం. అందుకే కన్సల్టెన్సీలు ప్రతి వాక్యంలోనూ "డెఫినెట్లీ" కూరుతాయి. అవే వాక్యాలు రోజూ వినే అధికారికి వాటిలో మనిషి కనిపిస్తాడా అన్నది వాళ్లకు పట్టదు.

"ఇప్పుడు నువ్వు చెప్పిందాంట్లో ఖాయమైనది ఏది?" అన్నాను.

"కోర్సు."

"ఐ యామ్ గోయింగ్ టు స్టడీ గ్రౌండ్‌వాటర్ సెలైనిటీ. మరి అక్కడ ఉద్యోగం?"

"దొరికితే."

"దొరికితే అన్నావు కదా, అదే చెప్పు. ఐ మైట్ వర్క్ దేర్ ఫర్ ఎ వైల్, ఇఫ్ ఐ ఫైండ్ సంథింగ్ ఇన్ మై ఫీల్డ్. మైట్ అన్నాక అందులో దొరక్కపోవచ్చు అన్నది కూడా ఉంది. దొంగతనమేం లేదు, ఓపీటీ వీసా నిబంధనలు ఇచ్చిన వెసులుబాటే."

"తిరిగి రావడం గురించి, ఐ విష్ ఐ కుడ్ కమ్ బ్యాక్ అంటే?"

నాకు గుండె ఝల్లుమంది. ఆ మాటకు ఇంగ్లీషువాళ్లు విని అర్థం చేసుకునేది, రాలేనుగానీ రాగలిగితే ఎంత బాగుండు అని. మనసులో ఉన్న ఆశకు సరిగ్గా ఎదురు అర్థం. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా "ఐ విష్" అంటే కోరుకుంటున్నాను అనే అనుకుంటారు. జరగదని తెలిసినదాన్ని తలచుకునేటప్పుడు వాడే మాటని వాళ్లకెవరూ చెప్పరు. అది విడమరిచి చెప్పి, "ఆశ మాత్రమే అయితే ఐ హోప్ టు కమ్ బ్యాక్. నిజంగా ఆ ఉద్దేశంతోనే వెళ్తుంటే ఐ ప్లాన్ టు కమ్ బ్యాక్. ఈ రెంటిలో నీది ఏదో నేను చెప్పలేను, నువ్వే తేల్చుకోవాలి" అన్నాను.

ఏలూరు వచ్చి వెళ్లిపోయింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ప్లానే అత్తా" అంది. "ఎప్పుడో తెలీదు గానీ, రావాలనే వెళ్తున్నాను." ఆ మాట అప్పటిదాకా వాళ్ల నాన్నకు కూడా చెప్పలేదట.

పక్క బెర్తు కుర్రాడు అప్పటిదాకా ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికాలో ఉన్న మేనేజర్‌తో రాత్రుళ్లు మీటింగులు. మా మాటలు చెవిన పడ్డట్టున్నాయి. "మేడమ్, ఒకటి అడగనా?" అంటూ వచ్చి నిలబడ్డాడు. వాళ్ల కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట. తన టీమ్‌ని కూడా తీసేస్తారేమోనని భయమేసి, "ఐ డౌట్ యూ ఆర్ గోయింగ్ టు రిమూవ్ మై టీమ్" అని మేనేజర్‌తో అన్నాడట. ఆయన "గ్లాడ్ టు హియర్ దట్" అని వేరే విషయంలోకి వెళ్లిపోయాడట.

"నేను బాధ చెప్పుకుంటే ఆయన సంతోషించాడేంటో నాకర్థం కాలేదు మేడమ్."

మన అనుమానానికి ఇంగ్లీషులో డౌట్ అనే మాటను ఖాయం చేసేశాం. తీసేస్తారేమోనని అనుమానం అంటే, తీసేస్తారనే వైపే మన మొగ్గు. ఐ డౌట్ అంటే జరగదనే వైపు మొగ్గు. మీరు నా టీమ్‌ని తీసేస్తారని నేననుకోవడం లేదు అని అతను చెప్పినట్టయింది. అనవలసింది "ఐ యామ్ వరీడ్ మై టీమ్ మైట్ బి లెట్ గో" అని. చెప్పగానే ఫోన్ తీసి రాసుకున్నాడు. తర్వాత మెల్లగా, "అప్పుడే ఇలా అని ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు కదా" అన్నాడు. చెప్పేవాడేమో. కనీసం ఈ అబ్బాయి భయపడుతున్నాడని ఆయనకు తెలిసేది. చదువులోనో కొలువులోనో సగం జీవితం ఇంగ్లీషులో గడుపుతూ, ఆ సగంలో తన భయాన్ని ఒక్కసారి కూడా పైకి చెప్పలేకపోవడం ఎంత ఒంటరితనమో నేను ఆ రాత్రి అతని మొహంలో చూశాను.

పొద్దున లింగంపల్లిలో దిగి చందానగర్‌లో మా పెదనాన్నగారబ్బాయి ఇంటికి వెళ్లాం. వేలిముద్రలకూ ఫోటోకూ ముందుగా హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద ఉన్న కేంద్రానికి వెళ్లాలి. అక్కడ పని తొందరగానే అయిపోయింది. వరసలో ఉన్న పిల్లలంతా ఇన్‌స్టాగ్రామ్ గురించే మాట్లాడుకున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు వెళ్లేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలి. మావాడి ఇంట్లో ఆ సాయంత్రం పిల్ల తన పాత పోస్టులన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ కూర్చుంది.

మర్నాడు చిలుకూరు. హైదరాబాదు వచ్చి వీసా పని పెట్టుకుని బాలాజీని చూడకుండా రావొద్దని మా వదిన రాజమండ్రి స్టేషన్‌లోనే చెప్పి పంపింది. గండిపేట చెరువు పక్కనుంచి దారి. ఆ గుళ్లో హుండీ ఉండదు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. గడులున్న చిన్న కార్డు మీద ఒక్కో చుట్టుకూ ఒక్కో గడి గీసుకుంటూ తిరుగుతారు. మా ముందు నడుస్తున్న అబ్బాయి పెదాలు కదులుతున్నాయి. గోవిందనామాలనుకున్నాను. దగ్గరకొచ్చాక వినిపించింది: "మై ఫాదర్ ఈజ్ స్పాన్సరింగ్ మై ఎడ్యుకేషన్, హిజ్ యాన్యువల్ ఇన్‌కమ్ ఈజ్..." వెనకాల వాళ్లమ్మ, కొంగు నడుముకు బిగించి, కార్డు పట్టుకుని. తెలుగులో దేవుడికి చెప్పుకునేటప్పుడు ఆమె ఏం కోరి ఉంటుందో ఊహించగలను: వీసా రావాలి, వాడు క్షేమంగా వెళ్లాలి, మళ్లీ మా దగ్గరికి రావాలి. ఆ పిల్లవాడి ఇంగ్లీషు జవాబులో వీటిలో ఒక్కటీ లేదు. వాళ్లమ్మ మనసులో మాట వాడి నోట ఇంగ్లీషులో పలికించడం మా పని, ఇంగ్లీషు చెప్పేవాళ్ల పని. అంతకంటే పెద్ద పని మాకు ఇంకోటి లేదని ఆ ప్రాంగణంలో నాకు గట్టిగా అనిపించింది.

మా పిల్ల చుట్లు తిరిగినంతసేపూ ఏమీ వల్లించలేదు. బయటికొచ్చి కొబ్బరినీళ్లు తాగుతూ "అత్తా, ఎక్స్‌పెక్ట్‌కీ హోప్‌కీ తేడా ఇంకోసారి చెప్పు" అంది. లెక్క ఉన్నచోట ఎక్స్‌పెక్ట్, మనసు మాత్రమే ఉన్నచోట హోప్, అన్నాను. లోను ఎన్నేళ్లలో తీరుతుందో మీ నాన్న కాగితం మీద లెక్కేశాడు కాబట్టి "ఐ ఎక్స్‌పెక్ట్ టు రీపే ఇట్". ఊళ్లో నూతి నీళ్లు మళ్లీ తియ్యగా మారాలన్నది "ఐ హోప్".

అమెరికా కాన్సులేట్ ఒకప్పుడు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో కొత్తగా కట్టిన ఆవరణలోకి మారింది. ఇంటర్వ్యూ రోజు తెల్లవారేసరికే రోడ్డు పక్కన జనం. ఫైళ్లు గుండెలకు హత్తుకున్న పిల్లలు, కూతురి పురుటికి వెళ్తున్న అమ్మలు, మఫ్లర్లు చుట్టుకున్న నాన్నలు. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. తనది నా చేతికిచ్చి, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసి, వెళ్లిపోయింది.

బయటికొచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. చేతిలో చిన్న కాగితం ఉంది. కిటికీ దగ్గర జరిగింది రోడ్డు మీదే నిలబడి చెప్పింది. అధికారి ఈ కోర్సే ఎందుకని అడిగిందట. నూతుల సంగతి చెప్పింది. తర్వాత ఏం చేస్తావంటే, "ఐ ప్లాన్ టు కమ్ బ్యాక్ టు ద గోదావరి డెల్టా. ఐ మైట్ వర్క్ దేర్ ఫర్ ఎ వైల్ ఫస్ట్, బట్ ఐ డోంట్ ఎక్స్‌పెక్ట్ టు స్టే" అందట. ఆవిడ తలెత్తి చూసి, మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరమని అడిగిందట. పుస్తకంలో లేని ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్తున్నప్పుడు తనకు భయం పోయిందని చెప్పింది.

కాగితం మాత్రం 221(జి). ఇచ్చినట్టూ కాదు, పూర్తిగా కాదన్నట్టూ కాదు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. పరిశీలన ఇంకా ఉందని, పూర్తయ్యాక చెప్తామని. ఎన్నాళ్లన్నది అందులో లేదు. ఫలానా జవాబు వల్ల ఆగిందని గానీ, ఫలానా జవాబు వల్ల పూర్తి తిరస్కరణ తప్పిందని గానీ నేను అనను. అది వాళ్ల పద్ధతి ప్రకారం నడుస్తుంది. నాకు ముఖ్యమనిపించింది అదే రోజు సాయంత్రం జరిగింది.

క్లాసులు జనవరిలో. ఆ లోపు చేరలేకపోతే సీటు ఏమవుతుంది? కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "పాజిటివ్‌గా ఉండండి" అన్నారు, అంతే. "యూనివర్సిటీకి నువ్వే చెయ్యి" అన్నాను. అక్కడ పొద్దున ఆఫీసు తెరిచే వేళకు, ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి చేసింది. నేను పక్కనే ఉన్నాను గానీ నోరు మెదపలేదు.

"మై వీసా ఈజ్ స్టిల్ బీయింగ్ ప్రాసెస్డ్. ఐ యామ్ నాట్ షూర్ హౌ లాంగ్ ఇట్ విల్ టేక్. ఐ మైట్ నాట్ మేక్ ఇట్ బై ద ఫస్ట్ డే ఆఫ్ క్లాసెస్." ఒక్క క్షణం ఆగింది. "ఇఫ్ ఐ కాంట్ కమ్ ఇన్ జాన్యువరీ, కుడ్ ఐ స్టార్ట్ ఇన్ ఆగస్ట్?"

అవతలి ఆవిడ వివరంగా చెప్పింది. ఫలానా తేదీ దాకా ఆలస్యంగా వచ్చినా చేర్చుకుంటారు. అదీ దాటితే ప్రవేశాన్ని ఆగస్టుకు మార్చి, కొత్త తేదీతో ఐ-20 పత్రం ఇస్తారు. దానికి ముందుగా మెయిల్ పెట్టాలి. జనవరికే వీసా వస్తుందనుకుంటున్నావా అని ఆవిడ అడిగితే, "ఐ డోంట్ ఎక్స్‌పెక్ట్ సో, బట్ ఐ హావెంట్ గివెన్ అప్" అంది మా పిల్ల. ఆవిడ నవ్వడం నాకు స్పీకర్‌లో వినిపించింది.

"ఐ విల్ డెఫినెట్లీ కమ్ ఇన్ జాన్యువరీ" అని ఉంటే ఆవిడ సరేనని ఫోన్ పెట్టేసేది, ఆగస్టు దారి ఉందని మాకు తెలిసేది కాదు. ఈ సంగతి నేను మా క్లాసులో ఇప్పటికే చెప్పాను. కాలాల గళ్లు బోర్డు మీదనుంచి చెరిపేసి, వచ్చే ఏడాది గురించి మీ ఇంట్లో నిన్న రాత్రి ఏం అనుకున్నారో ముందు తెలుగులో రాయండని పిల్లలకు చెప్పాను. వచ్చినవన్నీ ఏమోలూ, చూద్దాములూ, అప్పు తీరితేలూనే. ఇప్పుడు వాటినే ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో పెడుతున్నాం. ఈ పని నెమ్మదిగానే సాగుతుంది, సాగనివ్వాలి.

ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక వాళ్ల నాన్నకు చేసింది. "నాన్నా, జనవరికి రాకపోవచ్చు. ఆగస్టుకి మార్చుకోవచ్చన్నారు. రేపు బ్యాంకుకెళ్లి, ఫీజు మొదటి విడత ఇప్పుడే పంపొద్దని చెప్పండి. వడ్డీ అప్పటిదాకా పడకుండా ఉంటుందేమో మేనేజర్‌గారిని అడగండి."

"అలాగేనమ్మా, పొద్దున్నే వెళ్తాను" అన్నాడు అన్నయ్య. పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి యూనివర్సిటీకి మెయిల్ రాయడం మొదలుపెట్టింది.